మఖ్మల్ చౌకీ మీద గొంతు మందు

ఆ రోజుల్లో మా పాతబస్తీలో గొంతు తగ్గించి బతకడం ఎవరికీ చేతనయ్యేది కాదు. తెల్లవారక ముందే పాలవాడు అరిచేవాడు, వాడి మీద కోపంతో ఎదురింటి కోడి అరిచేది, కోడి మీద కోపంతో ఎదురింటాయన అరిచేవాడు. ఆ తర్వాత గాజులవాడు, గిన్నెలకు కళాయి వేసేవాడు, "బచ్‌కే, బచ్‌కే" అంటూ టాంగావాలా (తప్పుకోవలసింది మనమైనా ఆ అరుపుకి ముందు బెదిరేది వాడి గుర్రమే). యుద్ధం సంగతులు కూడా మాకు పేపరు కంటే ముందు ఇరానీ హోటల్ అరుపుల్లోనే తెలిసేవి. జర్మనీ వాడు ఎక్కడి దాకా వచ్చాడో చెప్పడానికి మావాళ్లు బల్ల మీద చాయ్ సాసర్లు జరిపి చూపించేవారు. ఇంత గోలలో మా హుస్సేనీ ఆలం గల్లీ మొత్తానికి మాట్లాడని మనిషి ఒక్కడే ఉండేవాడు, ఆయన మా బాపు. ఆ లోటు పూడ్చడానికే కాబోలు దేవుడు ఆయనకు నన్ను కొడుకుగా ఇచ్చాడు.

బాపు షేర్వానీలు కుట్టేవాడు. పెద్ద పెద్ద దేవ్‌డీల నుంచి, అంటే నవాబుల హవేలీల నుంచి, బట్ట ఆయన దగ్గరికి నడిచి వచ్చేది. నాకూ ఆ పని నేర్పుదామని చాలా ఓపిక పట్టాడు. సూది నా చేతికి లొంగలేదు, నోరు మాత్రం అడగకుండానే పనిలోకి దిగేది. ఒకసారి కొలతలకు వచ్చిన ఒక పెద్దమనిషి నడుము చుట్టూ టేపు చాలకపోతే, "పక్కింట్ల ఇంకో టేపు అడిగి తేవాల్నా బాపూ?" అని అడిగాను. సహాయం చేద్దామనే అడిగాను. ఆయన మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. సాయంత్రం బాపు కత్తెర మూసి ఒకే మాటన్నాడు: "నీ నోరు ఎవడన్న కొంటడేమో సూడు. నా దుకాణంల మాత్రం తెర్వకు."

విచిత్రమేమిటంటే, ఒకాయన నిజంగానే కొనడానికి వచ్చాడు. మా గల్లీ చివర ఒక హర్రాజ్ దుకాణం ఉండేది. హర్రాజంటే వేలం పాట. దేవ్‌డీల్లో పాతబడిన, విరిగిన, మోజు తీరిన సామానంతా అక్కడికి వచ్చి, జుమ్మా నాడు, అంటే శుక్రవారం, నమాజు అయ్యాక, అరిచి అమ్ముడుపోయేది. దుకాణం సేట్ సాబ్ మా బాపు దగ్గరే షేర్వానీలు కుట్టించుకునేవాడు. ఆ మొహమాటం మీద నన్ను సామాను తుడిచే పనిలో పెట్టుకున్నాడు. అక్కడ బోలీ చెప్పేవాడు, అంటే పాట పాడించేవాడు, బుల్బుల్ చాచా. ఆయన "ఏక్... దో..." అని లాగితే తీన్ వచ్చేలోపల ఆకాశం నల్లబడి వాన పడుతుందేమో అనిపించేది. అలాంటి చాచా, ఆ ఏడు ఎండలు ముదిరాక, గుల్బర్గాలో కూతురింటికి వెళ్లి శేష జీవితం గడుపుతానని చెప్పేశాడు.

సేట్ సాబ్ నన్ను గద్దె దగ్గరికి పిలిచాడు. "నువ్వు సామాను తుడుసుకుంట ఒక్కో కుర్సీ మీద ఒక్కో కత చెప్తున్నవంట. మన హమాలీ పైల్వాన్ నవ్వు ఆపుకోలేక మోసే సామాను కింద పెడ్తున్నడంట."

"కింద పెట్టిండు గని పగలగొట్టలే సేట్ సాబ్."

"వచ్చే జుమ్మా నువ్వే బోలీ చెప్పు. జనం ఆగితే నువ్వు గూడ ఆగు. జనం లేసిపోతే నువ్వు గూడ వాళ్ల ఎంబడే పో."

ఇది ఇంట్లో చెప్పాను. అమ్మ దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టింది. బాపు మాత్రం, ఇది కూడా కుదరకపోతే ఏం చేయాలో ముందే కుట్టి పెట్టుకున్నాడు: ఊళ్లో మా మేనమామకు నూనె గానుగ ఉంది, అక్కడికి పంపించడమే. గానుగ దగ్గర నాతో రోజంతా ఉండేది ఒక ఎద్దు. ఆ ఎద్దును నేను చూశాను. ఎంత మంచి మాట చెప్పినా ముఖంలో ఒక్క కండరం కదలదు. మిగిలిన జీవితమంతా దానికి కథలు చెబుతూ గుండ్రంగా తిరగడం తలుచుకుంటే నాకు కాళ్లు నిలవలేదు.

కాళ్లు నిలవనివాడు ఇంట్లో ఎందుకు ఉంటాడు? మిద్దె ఎక్కాను. అక్కడి నుంచి "ఏక్... దో..." అని సాధన మొదలుపెట్టాను. పక్క మిద్దె మీద ఒకాయన పావురాలు పెంచేవాడు. నేను "తీన్" అన్నప్పుడల్లా అవి ఒక్కసారిగా లేచి చార్మినార్ వైపు పోయేవి. రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు ఆయన మా అమ్మతో, "బెహెన్, మీవాడు తీన్ అనకుండ దో మీదనే ఆపుమను, నా పావురాలు తిండి మానినయ్" అని మొర పెట్టుకున్నాడు. నేను పట్టించుకోలేదు. పొద్దున అరుపు, మధ్యాహ్నం అరుపు, సాయంత్రం బుల్బుల్ చాచా దగ్గరికి పరుగు. ఆయన సామాను మూట కడుతూనే తన విద్య నాకు అప్పగించాడు. "ఆవాజ్ తెరుసుకోవాలంటే పాన్ వెయ్యి బేటా. సున్నం జర ఎక్కువ."

జర అంటే ఎంతో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. ఏ పనైనా అర్ధం మనసుతో చేయడం నాకు ఇష్టం ఉండదు కనుక, గోడకు వేసేటంత సున్నం ఆకుకు పూసి, అలాంటివి రోజుకెన్నో వేశాను. మంగళవారానికి నా నోరు లోపల బొబ్బలెక్కింది. నాలుక అంచులు పచ్చి పుండు. అరుపులకి గొంతు ముందే వాచి ఉంది. మంచినీళ్లు మింగితే గాజు ముక్కలు మింగినట్టు ఉండేది. ఆవాజ్ తెరుచుకోవడం మాట దేవుడెరుగు, ఉన్న తలుపు కూడా మూసుకుపోయింది.

ఇక వైద్యాలు. అమ్మ నాలుకకు నెయ్యి పూసింది. చల్లగా ఉండి, తిన్నట్టు కూడా ఉంది. మిరియాల కషాయం పోసింది. దాన్ని మింగిన చప్పుడుకి పక్క మిద్దె పావురాలు మళ్లీ లేచాయి. పావురాలాయన భార్య జాలిపడి హకీం సాబ్ దగ్గరి తూత్ షర్బత్, అంటే మల్బరీ పళ్ల పానకం, ఒక సీసా పంపించింది. నల్లగా, తియ్యగా, ఎంతో బాగుంది. అది మా చెల్లెలికి కూడా బాగుంది, సాయంత్రానికి దానికి కూడా గొంతు నొప్పి మొదలై సీసా ఖాళీ అయ్యింది. గురువారం వచ్చేసింది. నేను ఇంట్లోంచి గల్లీకి, గల్లీలోంచి ఇంటికి తిరుగుతున్నాను. కూర్చుంటే ఎద్దు కనిపిస్తోంది.

"ఒక్క తీరుగ కూసోరాదురా, చెప్పుల్ అరుగుతున్నయ్" అంది అమ్మ.

నేను వేలితో గొంతు చూపించాను.

"గొంతుకేమైనా కాళ్లున్నయా, నడుస్తే తగ్గనీకి?"

(నా నోరు ఎవరి నుంచి వచ్చిందో బాపుకు తెలుసు. అందుకే పాపం ఆయన ఇద్దరిలో ఒక్కరితోనే వాదించేవాడు, అదీ అప్పుడప్పుడు.)

చివరికి ఇంగ్లీషు డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన నా నోట్లోకి దీపం వేసి చూసి, "ఏం తిన్నవు, ఇల్లు కట్టేటప్పుడు మిగిలిన సామానా?" అని అడిగాడు. నా వృత్తిలోనే ఇంకొకడు ఉన్నాడని సంతోషించాను. ఆయన లోపలి గదిలోంచి ఒక వస్తువు తెప్పించాడు. చేతిలో ఇమిడే గాజు బుడ్డి, దాని మూతికి వంపు తిరిగిన సన్నటి ఇత్తడి గొట్టం, వెనక వైపు ఎర్ర రబ్బరు బుగ్గ, ఆ బుగ్గకు పట్టు జాలీ తొడుగు. లోపల లేత గోధుమ రంగు మందు. బుగ్గ పిసికితే మందు తుంపరగా వస్తుంది. "నోరు తెరువు. నాలుక కిందికి. ఆ అను. శ్వాస ఆపి అప్పుడు పిసుకు. గొంతు మీద పడాలె, ఊపిరిలకు పోవద్దు. కొట్టుకున్నంక కాసేపు ఏం తినొద్దు, తాగొద్దు. రోజుకు మూడుసార్లు, అంతే. దీంతో పుండు మొద్దుబారి నొప్పి తెలవది. అంతమాత్రాన మానిందనుకొని అరవకు." అన్ని మాటలూ శ్రద్ధగా విన్నాను. చివరి మాట ఒక్కటి నాకు సంబంధించింది కాదనిపించింది.

ఇంటికి రాగానే అద్దం ముందు నిలబడి నోరు తెరిచి ఆ అన్నాను. శ్వాస ఆపవలసిన చోట పీల్చాను. తుంపర మొత్తం ఊపిరితిత్తుల సంగతి కనుక్కోవడానికి వెళ్లింది. నేను దగ్గిన దగ్గుకు అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది, చెల్లెలు వీపు మీద గుద్దింది (అవసరమైన దానికంటే ఎక్కువే గుద్దింది). రెండోసారి గొట్టం వంపు తప్పి ముక్కులోకి కొట్టుకున్నాను. మూడోసారి సరిగ్గా తగిలింది. ముందు కర్పూరం నమిలినట్టు చల్లదనం; తర్వాత చేదు; ఆ తర్వాత, అబ్బ, నొప్పి ఎవరో చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయినట్టు పోయింది. నాలుక కూడా వెంటే పోయిందేమోనని తడుముకుని చూశాను. ఉంది. కానీ నాది కాదు, ఎవరో అద్దెకు ఇచ్చినట్టుంది.

బాపు గుమ్మంలో కూర్చుని ఇదంతా చూశాడు. చూసి, మళ్లీ షేర్వానీ కాజాల మీదికి తల వంచి, తనలో తాను అన్నట్టుగా, "గానుగకాడ గిసొంటియి ఉండయి" అన్నాడు. ఆయన ఓదార్చాడో బెదిరించాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

జుమ్మా నాడు నమాజు అయ్యేసరికి హర్రాజ్ దుకాణం కిటకిటలాడుతోంది. ముందు వరసలో కుర్చీలు ఇద్దరివి. ఒకాయన అత్తర్ నవాబు: ఆయన గల్లీ మలుపులో ఉండగానే సువాసన వచ్చి కుర్చీలో కూర్చునేది, ఆయన తర్వాత వచ్చేవాడు. దేశంలో ఉన్న అత్తరుదానులన్నీ తన ఇంట్లోనే ఉండాలని ఆయన కోరిక. ఇంకొకాయన ఛత్రీ సాబ్: ఎండైనా వానైనా గొడుగు వదలడు. ఆయనకు ప్రత్యేకంగా ఏ వస్తువు మీదా కోరిక లేదు. అత్తర్ నవాబు కోరుకున్నది మాత్రం కావాలి. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే మద్రసాలో చదివారట. ఒకరికొకరు వంగి సలాములు చేసుకునే తీరు చూస్తే ప్రాణ స్నేహితులనుకుంటాం. బోలీ మొదలయ్యాక తెలుస్తుంది.

సేట్ సాబ్ గద్దె మీద నుంచి నాకు చివరిసారి చెప్పాడు. "యాదుంచుకో. మఖ్మల్ చౌకీ మీదికి వస్తువు వచ్చి, ఒక్క బోలీ పడ్డదంటే, సుత్తి పడే దాక ఆగుడు లేదు. వెనుకకు తీసుకునుడు లేదు. ఆగితే, సేటు మంచి సామాను ఇంటికి దాసుకుంటున్నడని అంటరు. దుకాణం ఇజ్జత్ అక్కడ ఉంది, నా దగ్గర లేదు." ఎర్ర మఖ్మల్ పరిచిన ఆ చౌకీ, అంటే చిన్న పొట్టి బల్ల, దుకాణం నడిమధ్య ఉండేది. సామాను దాని మీద పెట్టి నాలుగు పక్కలకూ తిప్పి చూపించే పని పైల్వాన్‌ది. ఆ మనిషి భుజాలు తలుపంత వెడల్పు. బుద్ధి మాత్రం చెప్పిన పనికి అవతలికి అడుగు వేయదు.

నేను మూడుసార్లే కొట్టుకోవలసిన మందును పొద్దుటి నుంచీ లెక్క పెట్టకుండా కొట్టుకుని ఉన్నాను. నోరంతా మొద్దు. భయానికి మాత్రం మొద్దు పట్టలేదు. బుల్బుల్ చాచాలా గంభీరంగా లాగుదామని నోరు తెరిస్తే, గొంతులోంచి సగం మనిషి గొంతు, సగం తుప్పు తలుపు బయటికి వచ్చాయి. జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వెనక ఒకాయన లేవబోయాడు. ఎద్దు కళ్ల ముందు ఒక చుట్టు తిరిగింది. ఇక గాంభీర్యం మనకు పనికిరాదని, నాకు తెలిసిందే మొదలుపెట్టాను: నిజం చెప్పడం. "సాబాన్! ఈ సోఫాకు కాళ్లు మూడే. నాలుగో కాలు ఇటుక. ఇటుక ముఫత్, పైస ఇయ్యొద్దు!" లేవబోయినాయన కూర్చున్నాడు. "ఈ అద్దం నడుమల పగిలింది. ఇంట్ల ఒక్కరే ఉండెటోళ్లు సూసుకుంటె ఇద్దరు కనవడ్తరు, తోడుంటది." నవ్వారు. కొన్నారు. "ఈ హుక్కా దేవ్‌డీల ముగ్గురు అన్నదమ్ములు తాగిండ్రు, ముగ్గురు విడిపోయిండ్రు. హుక్కా మాత్రం ఒక్కటే ఉన్నది." దాన్ని ఇద్దరు అన్నదమ్ములే పోటీపడి తీసుకున్నారు. సేట్ సాబ్ పొట్ట గద్దె మీద కదలడం చూశాను. ఆయన నవ్వుతున్నాడు. నాకు కాళ్లు కుదుటపడ్డాయి.

అప్పుడే నొప్పి తిరిగి వచ్చింది. గోడ గడియారం ఒకటి అమ్ముడై, పైల్వాన్ దాన్ని పక్కకు మోస్తున్నాడు. ఆ సందులో వెనక్కి తిరిగి ఒక్కసారి మందు కొట్టుకున్నాను. ఇంతలో గడియారం కొన్నాయన, "తాళం చెవి ఏది?" అని అరిచాడు. జేబులు వెతకాలంటే రెండు చేతులూ కావాలి. చేతిలో ఉన్న బుడ్డిని ఎదురుగా ఉన్న ఖాళీ చోటున పెట్టాను.

ఆ ఖాళీ చోటు ఎర్ర మఖ్మల్‌ది.

పైల్వాన్ తిరిగి వచ్చాడు. చౌకీ మీద వస్తువు ఉంది. వస్తువు ఉంటే చూపించాలి. రెండు వేళ్లతో భద్రంగా ఎత్తి, తూర్పుకు, పడమరకు, ఉత్తరానికి, దక్షిణానికి తిప్పి చూపించి మళ్లీ పెట్టాడు. గాజు మీద ఎండ పడి మెరిసింది. ఎర్ర బుగ్గ, పట్టు జాలీ. యుద్ధం వల్ల విలాయతీ సామాను రావడం ఆగిపోయి, అలాంటి బుగ్గ అత్తరు బుడ్డి చూసి జనానికి చాలా కాలమైంది. అత్తర్ నవాబు గారి ముక్కుకు కర్పూరం వాసన కాస్త తగిలినట్టుంది. కళ్లు అర మూసి, "దస్ రుపయే" అని పది రూపాయలు పాడాడు.

బోలీ పడింది. నేను సేట్ సాబ్ వైపు చూశాను. ఆయన వేలు ఎత్తి గాలిలో గుండ్రంగా తిప్పాడు: నడిపించు.

"హుజూర్, ఇది అత్తరు కాదు" అన్నాను. "నా గొంతు నొప్పి మందు."

దుకాణం మొత్తం ఘొల్లుమంది. ఇందాకటి నుంచి ఇటుక, అద్దం, హుక్కా విన్నవాళ్లు మరి. ఛత్రీ సాబ్ గొడుగుతో నేల మీద తట్టాడు. "పంద్రా!" అని ఐదు పెంచాడు.

"సాబ్, ఒట్టు. నోట్ల పుండ్లయితే డాక్టర్ సాబ్ ఇచ్చిండు."

"ఇంక చెప్పు, ఇంక చెప్పు!" అని ఎవరో వెనక నుంచి ఈల వేశారు.

అత్తర్ నవాబు నా వైపు దయగా చూసి, "మజాక్ బాగుంది మియాఁ, బోలీ గూడ చెప్పు" అని ఇంకో ఐదు కలిపాడు. ఛత్రీ సాబ్ మరో ఐదు. అత్తర్ నవాబు దాని మీద ఇంకో ఐదు. పుట్టినప్పటి నుంచి ఏ గంభీరమైన సంగతి వచ్చినా దానికి సూది గుచ్చి గాలి తీస్తూ వచ్చాను. ఇప్పుడు నా దగ్గర నిజంగా గంభీరమైన సంగతి ఒకటి ఉంది, దాన్ని నమ్మే నాథుడు లేడు. రేపు ఈ ఇద్దరిలో ఒకరు ఇంటికి వెళ్లి, పూసుకుని, ఆస్పత్రి వాసనతో తిరిగి వస్తారు. దుకాణం ఇజ్జత్, అదే పరువు, చౌకీ మీద ఉందని సేట్ సాబ్ అన్నాడు కదా. దాని పక్కనే నా ఉద్యోగం కూడా కూర్చుని ఉంది.

ఇక మాటలతో కాదని, చూపించి నమ్మిద్దామనుకున్నాను. చౌకీ మీది బుడ్డి తీసుకుని, అందరికీ కనిపించేటట్టు నోరు బార్లా తెరిచి, నాలుక కిందికి వంచి, "ఆ..." అని, బుగ్గ గట్టిగా పిసికాను. గొంతు మీద పడింది. చల్లగా హాయిగా ఉంది. ఇక నమ్మక తప్పదని నోరు మూసి చుట్టూ చూశాను.

ఛత్రీ సాబ్ మెల్లగా లేచి నిలబడ్డాడు. "చూసిండ్రా?" అన్నాడు జనంతో. "తాగినా ఏం కాలే! ఎంత ఖాలిస్ అత్తరైతే తాగుతరు? మిలావట్ ఉంటే ఈపాటికి పడిపోయెటోడు!" అని ఏకంగా రెట్టింపు చెప్పాడు. అత్తర్ నవాబు ముఖం ఎర్రబడింది. కల్తీ లేని అత్తరును గుర్తు పట్టడంలో ఛత్రీ సాబ్ తనకంటే ముందుండటమా! ఆ తర్వాత ఆ ఇద్దరూ నన్ను చూడనే లేదు. ఒకరినొకరు చూసుకుంటూ పెంచుకుంటూ పోయారు. నేను వాళ్ల మధ్య సుత్తి పట్టుకుని, నా మందు నా చేతికి అందని ఎత్తుకు ఎక్కడం చూస్తూ నిలబడ్డాను. చివరికి ఛత్రీ సాబ్ గొడుగు మీద గడ్డం ఆనించి ఊరుకున్నాడు. "ఏక్... దో..." సుత్తి కొట్టాను. అత్తర్ నవాబు గెలిచాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ పాతబస్తీలో కొత్త అత్తరు కొన్నవాడు ముందు పక్కవాడికి పూయకుండా తాను పూసుకుంటే మర్యాద కాదు. అత్తర్ నవాబు బుడ్డి అందుకుని, వంగి, "పెహ్‌లే ఆప్" అంటూ ఛత్రీ సాబ్ ముంజేయి మీద ఒకసారి, ఆ తర్వాత తన షేర్వానీ కాలరు మీద రెండుసార్లు కొట్టుకున్నాడు. ఇద్దరూ కళ్లు మూసుకుని నిండుగా పీల్చారు.

డాక్టరు గారి లోపలి గది వాసన దుకాణమంతా లేచింది. ఇద్దరి కళ్లూ ఒక్కసారే తెరుచుకున్నాయి. అత్తర్ నవాబు నా వైపు చూశాడు. ఆ చూపులో, నేను చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటిగా ఆయనకు గుర్తుకు రావడం నాకు కనిపించింది. నేను గానుగ వైపు నడవడానికి మనసులో చెప్పులు తొడుక్కున్నాను.

"సుబ్హానల్లా" అన్నాడు అత్తర్ నవాబు, గొంతు సవరించుకుని. "క్యా ఠండక్ హై! ఎంత సల్లగున్నది!"

ఛత్రీ సాబ్ ముంజేయి మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత డబ్బు దాకా పాడిన మనిషి ఇప్పుడు ఇది మందు అని ఎలా అంటాడు? "ఠండక్ అంటే ఇదీ!" అన్నాడు. "విలాయత్‌ల ఎండాకాలంకని చేస్తరు. ఇక్కడోళ్లకు తెల్వది." ఆ మాట విని చుట్టుపక్కల వాళ్లంతా చేతులు చాచారు. అత్తర్ నవాబు కాదనలేక అందరికీ తలా ఒకసారి కొట్టాడు. ప్రతివాడూ వాసన చూసి, ముందు వెనక ఆలోచించి, "వాహ్" అన్నాడు.

నా గొంతుకు మాత్రం వాహ్ అనే ఓపిక లేదు. మందు చేజారింది, ఇంకా సామాను మిగిలి ఉంది. తర్వాతి వస్తువు ఒక పందిరి మంచం. దానికి "ఏక్" అన్నాను. "దో" అనబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. సుత్తి పైకెత్తి జనం వైపు బిక్కముఖంతో చూశాను. వాళ్లు ఇది కూడా ఆటలో భాగమనుకుని, నా బదులు వాళ్లే "దో!" అన్నారు. "తీన్!" అన్నారు. అప్పటి నుంచి చివరి చెంబు దాకా నేను సుత్తి ఊపాను, ముఖం తిప్పాను, జనం అరిచారు. ఒక్కడు లేచి పోలేదు.

అందరూ వెళ్లాక సేట్ సాబ్ నన్ను గద్దె దగ్గరికి పిలిచాడు. "ఆ బుడ్డి మన సామాను కాదు గద?"

తల అడ్డంగా ఊపాను.

"మందని చెప్పినవు?"

నిలువుగా ఊపాను.

"చెప్పినంక గూడ ధర పెరిగింది." ఆయన కాసేపు గడ్డం దువ్వుకున్నాడు. "అబద్ధం చెప్పి అమ్మెటోళ్లు బజార్ నిండ ఉన్నరు. నిజం చెప్పి గింత ధరకు అమ్మినోన్ని నేను సూడలే. గొంతు మంచిగైనంక వచ్చి సుత్తి తీసుకో, చాచా జాగల నువ్వే." ఆనందంతో ఆయన కాళ్లకు దండం పెట్టబోయాను. వంగినప్పుడు మెల్లగా మిగతాది చెప్పాడు: అమ్ముడైంది ఎవరి వస్తువైనా సరే, దుకాణం కమీషన్ దుకాణానిదేనట.

ఇంటికి పైల్వాన్ వెంట వచ్చాడు. మా గుమ్మంలో నిలబడి, జరిగిందంతా మొదటి నుంచి చివరి దాకా, బుడ్డిని తిప్పి చూపించిన తన పనితనాన్ని మాత్రం కాస్త ఎక్కువ చేసి చెప్పాడు. అమ్మ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. చెల్లెలు అత్తర్ నవాబులా కళ్లు మూసుకుని చూపించింది. బాపు తల ఎత్తలేదు. ఒళ్లో ఉన్న బట్ట కుట్టు పూర్తి చేసి, మడత పెట్టి, లేచి నా దగ్గరికి వచ్చాడు. మెడలోని టేపు తీశాడు.

"సక్కగ నిలవడు" అన్నాడు. "బోలీ చెప్పెటోడు అంగీ మీద నిలవడితే ఎవడు ఇజ్జత్ ఇయ్యడు. షేర్వానీ కావాలె."

నా ఒంటి మీద ఆయన టేపు పెట్టడం నాకు జ్ఞాపకం ఉన్నంతలో అదే మొదలు. పండుగలకు నా కొలతలు అమ్మే తీసి ఆయనకు చెప్పేది. భుజం కొలిచాడు, ఛాతీ కొలిచాడు. సన్నటి నా నడుము చుట్టూ టేపు రెండు చుట్లు వచ్చేటట్టు ఉంటే, దాన్ని చూసి ఒక్క క్షణం ఆగాడు, నేనేమైనా అంటానేమోనని. అనడానికి నా దగ్గర ఎంత మంచి మాట ఉందో! నాలుక చివరికి వచ్చి కూర్చుంది. గొంతు కదలలేదు.

"ఇన్నేండ్ల నుంచి కొలుద్దామనే ఉండె" అన్నాడు బాపు, టేపును చూస్తూ. "ఏదో ఒకటంటవు, నవ్వొస్తది, కొలత తప్పుతదని ఊకున్న."

బాపుకు నా మాటలకు నవ్వు వస్తుందని అప్పటి దాకా నాకు ఎవరూ చెప్పలేదు.

చివరిది మెడ. షేర్వానీ కాలరు గొంతు దాకా మూసుకుంటుంది కదా. టేపు నా గొంతు చుట్టూ తెచ్చి, వాపు ఉన్న చోట ఆపి, "నొస్తుందా?" అని అడిగాడు. నొప్పిగానే ఉంది. తల అడ్డంగా ఊపాను. ఆయన టేపుకూ నా గొంతుకూ మధ్య తన వేలు ఒకటి దూర్చి, ఆ కొలత మీద గోటితో గుర్తు పెట్టుకున్నాడు.

"ఒక వేలు వదులుంచుత" అన్నాడు. "బోలీ ఒర్రేటప్పుడు పట్టెయ్యద్దు."

నాలుక చివరి ఆ హాస్యం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అద్దం ముందు గుండీలు పెట్టుకునేటప్పుడు అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. మంచిదే, బాగా నవ్వు వచ్చేదే. చెప్పకపోవడమే దానికి బాగుంది.